రెండున్నర నంబరు పీక

డాలస్‌కి ఉత్తరాన, ఫ్రిస్కో వైపు, తెలుగువాళ్ళ పుట్టినరోజు పార్టీల్లో మగవాళ్ళు ఇళ్ళ ధరలూ ఆడవాళ్ళు స్కూళ్ళ రేటింగులూ తప్ప వేరే మాట్లాడరని ఒక అపవాదు ఉంది. ఇంట్లో అయిదో తరగతి పిల్లలు లేనివాళ్ళు పుట్టించిన అపవాదు అది. సంక్రాంతి వెళ్ళి ఫిబ్రవరి వచ్చిందంటే చాలు, బిర్యానీ పళ్ళెంతో వచ్చి పక్కన కూర్చున్నవాళ్ళు ముందు అడిగే మాట, "మీవాడికి ఏం రాశారండీ?" అని. టెక్సస్‌లో చాలాచోట్ల ఆరో తరగతితో మిడిల్ స్కూలు మొదలవుతుంది, దాంతోపాటే బ్యాండూ మొదలవుతుంది. ఎవరు ఏ వాయిద్యం పట్టాలో వేసవి సెలవులకి ముందే తేలిపోవాలి.

తేల్చడానికి మనవాళ్ళ దగ్గర పెద్ద శాస్త్రమే ఉంది. ఫ్లూటు ఊదేవాళ్ళు మరీ ఎక్కువ, కాబట్టి పోటీ. సాక్సోఫోన్ అందరికీ కావాలి, కాబట్టి సీట్లుండవు. ఓబో, బసూన్ జోలికి ఎవరూ పోరు, కాబట్టి రేపు కాలేజీలవాళ్ళు ఎదురొచ్చి మరీ తీసుకెళ్తారు. ఈ చివరి సూత్రం ఎవరు కనిపెట్టారో గాని, ఓబో పొడుగో పొట్టో తెలియని తండ్రులు కూడా పిల్లల చేత మొదటి ఛాయిస్‌గా ఓబో రాయిస్తున్నారు. ఎంసెట్ కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టిన చేతులు మరి, ఊరికే ఉండవు.

మావారు ఫ్రెంచ్ హార్న్ మీద మనసు పడ్డారు. దాని గొట్టాన్ని సాగదీస్తే పన్నెండు అడుగులుంటుందని చదివారట. పైగా అది స్కూలే ఇస్తుంది. ట్యూబా, యుఫోనియం, బసూన్‌లాంటి పెద్దవాటికి ఏడాదికింతని రుసుము కడితే సరిపోతుంది. నాకు మంచం కింద పట్టేది ఏదైనా ఒకటే. మావాడికి మాత్రం డ్రమ్స్ కావాలి. డ్రమ్స్ తప్ప ఇంకేదీ వాయిద్యమని వాడు ఒప్పుకోడు.

వాయిద్యాల పరీక్ష ఒక సాయంత్రం మిడిల్ స్కూల్లో పెట్టారు. అచ్చంగా పాతకాలపు పెళ్ళిచూపులు. ఈ రోజుల్లో పెళ్ళిచూపుల్లో వీసా ఏమిటని అడుగుతారు గాని పళ్ళెవరు చూస్తున్నారు? ఇక్కడ చూశారు. క్లిప్పులు వేయించారా, వేయించబోతున్నారా అని అడిగారు. ట్రంపెట్‌లాంటి ఇత్తడి వాయిద్యాలకి మౌత్‌పీసు పెదవుల మీద ఒత్తుకుంటుంది కదా, వెనక తీగలుంటే గుచ్చుకుంటాయి. పై పెదవి మధ్యలో చిన్న బొట్టులా కిందికి దిగినవాళ్ళకి ఫ్లూటు కష్టమట, ఊదిన గాలి రెండు పాయలైపోతుందట. ట్రాంబోన్ బల్ల దగ్గర చెయ్యి చాపించి చూశారు. క్లారినెట్ దగ్గర వేళ్ళ కొసలు చూశారు. ముందువైపు ఆరు రంధ్రాలు, వెనక బొటనవేలికి ఒకటి, అన్నీ వేళ్ళతోనే మూయాలి. ఏ వేలి కింద వెంట్రుకవాసి సందున్నా ఆ సంగతి ఊరంతటికీ తెలుస్తుంది.

డ్రమ్స్ బల్ల దగ్గర క్యూ గుమ్మం దాటి బయటిదాకా ఉంది. మావాడి వంతు వచ్చింది. డైరెక్టరు చప్పట్లతో ఒక వరస కొట్టి, కొట్టింది కొట్టినట్టు కొట్టమన్నాడు. వీడు కొట్టి, చివర ఒక ముక్తాయింపు కూడా కలిపాడు. అక్క కూచిపూడి క్లాసు బయట కూర్చుని ఏళ్ళ తరబడి విన్న జతుల ఫలితం. డైరెక్టరు నవ్వాడు, ఏదో రాసుకున్నాడు. అక్కణ్ణించి క్లారినెట్ బల్లకి వెళ్తే, మౌత్‌పీసు నోట్లో పెట్టుకుని ఊదమన్నారు. అప్పటిదాకా వచ్చిన పిల్లలు బుస్సుమనిపించి వెళ్ళారు. వీడు ఊదగానే తీగ సాగినట్టు ఒకే స్వరం, వణుకు లేకుండా, ఆపమనేదాకా వచ్చింది. ఆ టీచరమ్మ మొహం వెలిగిపోయింది. ఇక డ్రమ్స్ మీద ఆశ వదులుకోవచ్చని నాకక్కడే అర్థమైంది.

క్లారినెట్ అని స్కూలు నుంచి ఉత్తరం వచ్చాక వాడు రెండు పూటలు అన్నం మీద అలిగాడు. మావారు ఓదార్చడానికి చరిత్ర ఎత్తుకున్నారు. 1700 ప్రాంతంలో జర్మనీలో న్యూరెంబర్గ్ అనే ఊళ్ళో యోహాన్ క్రిస్టోఫ్ డెన్నర్ అనే ఆయన క్లారినెట్ చేశాడనీ, సాక్సోఫోన్‌కి పేటెంటు వచ్చింది ఎప్పుడో 1846లో అనీ, అంటే క్లారినెట్ దానికి తాతలాంటిదనీ భోజనాల దగ్గర చదివి వినిపించారు. వాడు పప్పుగిన్నె మీద చెంచాతో తాళం వేస్తూ విన్నాడు.

మామయ్యగారు ఒంగోలు నుంచి దిగింది సరిగ్గా అప్పుడే. అత్తయ్యగారు మా ఆడబిడ్డ పురుటికని ఆగిపోయారు. మామయ్యగారు రిటైరైన పోస్ట్‌మాస్టరు, మితభాషి. క్రితంసారి వచ్చినప్పుడు ఆర్నెల్లూ బాల్కనీలో కూర్చుని పోయే కార్లు లెక్కపెట్టి, "మనుషులు బయటికి రారా అమ్మా ఇక్కడ?" అని ఒకే ఒక్క ప్రశ్న అడిగి వెళ్ళిపోయారు. ఈసారి సూట్‌కేసు దించకముందే మనవడి అలక సంగతి విని, "క్లారినెట్టా! అదృష్టవంతుడు," అన్నారు. మావాడు తలెత్తాడు.

ఒంగోలు పక్కనే కరవది. నాగస్వర విద్వాంసులు షేక్ చినమౌలానా గారి ఊరు. 1977లో పద్మశ్రీ వచ్చిన ఆ మహానుభావుణ్ణి తమ వాకిట్లోనే పెంచినంత ధీమాగా మాట్లాడతారు మామయ్యగారు. కాబట్టి ఊదే వాయిద్యం ఏదైనా ఆయనకి చుట్టరికమే. ఆ రాత్రే జెట్‌లాగ్‌తో నిద్రపట్టక యూట్యూబ్‌లో ఏ.కె.సి. నటరాజన్ గారి కచేరీ పట్టుకున్నారు. కర్ణాటక సంగీతాన్ని క్లారినెట్ మీద వాయించి 2022లో పద్మశ్రీ అందుకున్న విద్వాంసుడు. తెల్లవారుజామున మూడింటికి హాల్లోంచి ఆలాపన వినపడితే, ఎవరి ఫోన్ అలారమో అనుకుని ఇంటిల్లిపాదీ లేచాం.

ఇక సామాను. స్కూలువాళ్ళు పంపిన జాబితాలో మౌత్‌పీసు ఏ కంపెనీదో, దాని మోడల్ నంబరేమిటో ఉంది. రీడును మౌత్‌పీసుకి బిగించే పట్టీ, లోపలి తడి తుడిచే గుడ్డ, బెరడు అతుకులకి రాసే గ్రీజు, మడత స్టాండు, మెట్రోనోము కలిసిన ట్యూనరు, ఫలానా పాఠ్యపుస్తకం, నల్ల బైండరు, అందులోకి ప్లాస్టిక్ కవర్లు, పెన్సిలు. పెన్సిలు ఒక్కటీ మన ఇష్టం. కింద లావు అక్షరాలతో ఒక హెచ్చరిక: ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికేవి కొనొద్దు. వాటిని రిపేరుచేసేవాళ్ళు "వాయిద్యం ఆకారంలో ఉన్న వస్తువులు" అంటారు. మెత్తటి లోహంతో చేసిన కీలు వంగిపోతాయి, విడి భాగాలు దొరకవు, కొట్టుకి తీసుకెళ్తే ముట్టుకోరు. ఆ సమయానికి మావారి కార్టులో అలాంటిదొకటి సిద్ధంగా ఉంది. నీలం రంగు. చేతి తొడుగులు ఉచితం. ఆయన చప్పుడు చేయకుండా లాప్‌టాప్ మూసేశారు.

అద్దెకిచ్చే కొట్టుకి ముగ్గురు మగవాళ్ళనీ వెంటబెట్టుకుని వెళ్ళాను. నెలకింతని కట్టాలి, పడేస్తే రిపేరుకి బీమా విడిగా. కట్టగా కట్టగా వాయిద్యం సొంతమవుతుంది. మామయ్యగారు ఇది శ్రద్ధగా విని, "ఇళ్ళకి లేదా ఈ పద్ధతి?" అన్నారు. కౌంటర్ దగ్గరి కుర్రాడికి తెలుగు రాదు గాని మా వెనక నిలబడ్డ ఇద్దరికి వచ్చు. వాళ్ళు నవ్వాపుకోలేక గిటార్ల వైపు తిరిగారు.

మావారు ఏదైనా కొనేటప్పుడు కనీసం ఆరు ప్రశ్నలు వేస్తే గాని కార్డు బయటికి తియ్యరు. ఇది చెక్క కాదేం? చెక్కవి ఆఫ్రికాలో, టాంజానియా, మొజాంబిక్ వైపు పెరిగే నల్లచేవ చెట్టుతో చేస్తారట. గాలి పొడిబారితే పగుళ్ళిస్తుంది, వెల వేలల్లో ఉంటుంది. అందుకని నేర్చుకునే పిల్లలకి ఏబీఎస్ ప్లాస్టిక్‌వి ఇస్తారట. "మరి మూడేళ్ళు కట్టి ఇది సొంతం చేసుకున్నాక?" అని మావారు. "అప్పటికి మీవాడికి చెక్కది కావాలి సార్," అన్నాడు ఆ కుర్రాడు, ఏ మాత్రం మొహమాటం లేకుండా.

అసలు గొడవ రీడ్ల దగ్గర వచ్చింది. పెట్టెకి పది, ముప్ఫై డాలర్ల పైమాటే. మామయ్యగారు ఒకటి తీసి వెలుతురుకి అడ్డంపెట్టి చూశారు. "పీక!" అన్నారు పాత స్నేహితుడు ఎదురైనంత సంబరంగా. తరవాత ధర విన్నారు. రూపాయల్లోకి మార్చారు. "పుల్లకి రెండొందల యాభైయా?" దక్షిణ ఫ్రాన్స్‌లో, వార్ అనే ప్రాంతంలో పెరిగే గడ్డిజాతి మొక్కతో చేస్తారని ఆ కుర్రాడు చెబుతుంటే మావారు తర్జుమా చేశారు. "మన కృష్ణ లంకల్లో ఎంత రెల్లు కావాలో ఫ్రాన్స్‌వాళ్ళని అడుగు," అన్నారు మామయ్యగారు. నంబరు పెరిగేకొద్దీ పీక గట్టిబడుతుంది, రెండున్నరతో మొదలు. "మూడు తీసుకుంటే ఎక్కువకాలం మన్నుతుందేమో," అన్నారు మావారు. పిల్లల బట్టలు ఒక సైజు పెద్దవి కొనే అలవాటు.

ఇంటికి తెచ్చిన పెట్టెకి మామయ్యగారు పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టారు. తెచ్చింది వాయిద్యం, చెయ్యకుండా ఎలా ఉంటారు? మావారు అద్దె ఒప్పందంలో "తీసుకున్న స్థితిలోనే తిరిగి అప్పగించాలి" అన్న వాక్యం కోసం గబగబా కాగితాలు తిరగేశారు. గుడ్డ పెట్టి తుడిచేస్తే కుంకుమ సంగతి సరే, పసుపు ఇంకా పాకింది. ఈ బొట్టుని తరవాత ఎవరూ ఏమీ అనలేదు సరికదా, బ్యాండు గది అరల్లో వరసాగ్గా పేర్చిన నల్ల పెట్టెల్లో మావాడిది ఒక్కటే ఎప్పుడూ మారిపోకుండా ఇంటికొచ్చింది. ట్యాగులు కట్టినవాళ్ళవి కూడా మారాయి.

పెట్టెలో ఇంకో చీటీ ఉంది. ఆగస్టులో క్లాసులో చెప్పేదాకా తెరవొద్దు. సొంతంగా బిగిస్తే రెండు ముక్కల్నీ కలిపే సన్నటి కీ వంగిపోతుంది. సొంతంగా ఊదితే మూతి తప్పుగా కుదిరి, దాన్ని మాన్పించడానికి ఏడాది పడుతుంది. కారణాలు సబబే. కాని నెలనెలా అద్దె కడుతూ మంచం కింద పెట్టుకోవడం మామయ్యగారికి మింగుడుపడలేదు. "తెరవొద్దన్నది పిల్లాణ్ణి. నన్ను కాదుగా," అని మధ్యాహ్నాలు పెట్టె తీసి కూర్చునేవారు. ఊదలేదు, ఆ మాట చెప్పాలి. చూసేవారు, అంతే. అయిదు ముక్కలూ వరసలో పెట్టి, మనవణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని, నాగస్వరం పీకకి రెండు రేకులుంటాయనీ, దీనికి ఒకే రేకు ఉండి మౌత్‌పీసే రెండోదాని పని చేస్తుందనీ చెప్పేవారు. నాగస్వరం వాళ్ళు అదనపు పీకల్ని దారంతో వాయిద్యానికే వేలాడదీసుకుంటారు, వీళ్ళేమో ప్లాస్టిక్ డబ్బాలో దాస్తారు. మావాడు డ్రమ్స్ ఊసెత్తడం ఆ మధ్యాహ్నాల్లోనే ఎక్కడో ఆగిపోయింది. ఎప్పుడాగిందో మేం గమనించలేదు.

ఆ బెరడు గ్రీజు అచ్చం లిప్‌బామ్ గొట్టంలోనే వస్తుంది. ఏసీకి పెదవులు పగిలిన మామయ్యగారు దాన్ని వాడేస్తున్నారని మూడోవంతు అయిపోయాక తెలిసింది. "పనిచేస్తోందమ్మా," అన్నారు. కొత్తది కొన్నాను, పాతది ఆయనకే వదిలేశాను.

అత్తయ్యగారు ఫోన్లో రోజుకో సందేహం అడిగేవారు. ఎర్ర కోటు కుట్టిస్తారా, భుజాల మీద బంగారు జాలరు ఉంటుందా, టోపీలో ఈక ఉంటుందా? మిడిల్ స్కూల్లో నల్ల ప్యాంటు, నల్ల సాక్సు, స్కూలు పేరున్న చొక్కా అంతేనని చెబితే చాలా నిరుత్సాహపడ్డారు. హైస్కూలుకి వెళ్ళి మార్చింగ్ బ్యాండులో చేరితే, శుక్రవారం రాత్రి ఫుట్‌బాల్ మైదానంలో ఆ ఈకా ఆ జాలరూ అన్నీ వస్తాయని ఊరడించాను. "అప్పటికి నేనొస్తాను," అన్నారు.

ఆగస్టు వచ్చింది. క్లారినెట్ పిల్లలందరికీ కలిపి ఒక పీరియడ్. మొదటి వారం ఊపిరి తీయడం, వెన్ను నిటారుగా పెట్టడం, అద్దంలో మూతి చూసుకోవడం. తరవాత కొన్నాళ్ళు మౌత్‌పీసు, దాని కింద చిన్న ముక్క, ఆ రెండే. ఇంటి దగ్గర కూడా అవే. ఆ రెండు ముక్కల్లోంచి వచ్చేది ఒకే ఒక్క స్వరం. మొదటిరోజు అది వినపడగానే నేను పరిగెత్తుకెళ్ళి స్టవ్ ఆపేశాను. ఆ రోజు నేను కుక్కర్ పెట్టనే లేదు.

సాధన చేసిన నిమిషాలు కాగితం మీద రాసి తల్లో తండ్రో సంతకం పెట్టాలి. ఊదడానికి ముందు పళ్ళు తోముకోవాలి. నోట్లో తీపి ఉంటే పీక బూజుపడుతుంది. దీంతో బడినుంచి రాగానే పెట్టే జంతికలు, సున్నుండల కార్యక్రమమంతా సాధన తరవాతకి జరిగింది. నేను పదేళ్ళుగా రాత్రిపూట తోముకోమని మొత్తుకున్నా వినని పిల్లాడు, ఒక పుల్ల కోసం సాయంత్రం కూడా తోముతున్నాడు. "ఆచమనం చేసి కూర్చోరా," అని మామయ్యగారి కేక రోజూ నాలుగున్నరకి.

పూర్తి వాయిద్యం చేతికొచ్చిన వారమే ఇంట్లో గొడవ. అక్క పియానో మీద "సి" కొట్టింది, వీడు క్లారినెట్ మీద "సి" ఊదాడు. రెండూ కలవలేదు. వీడిది కింద పడుతోంది. మళ్ళీ కొట్టారు, మళ్ళీ ఊదాడు. మావారు ట్యూనరు తెచ్చి పెట్టారు. అది "బి ఫ్లాట్" చూపించింది. "పాడైన పీసు అంటగట్టారు. బీమా ఉందిగా, పదండి కొట్టుకి," అని తాళాలు తీశారు. ఎప్పుడూ రెండు అంకెలు తేడా వస్తోందంటే ఇంజనీరుకి అది బగ్గే.

మామయ్యగారు కళ్ళు మూసుకుని రెండుసార్లు విన్నారు. "ఏమీ పాడవలేదురా. శ్రుతి వేరు. పాడేవాడు ఎక్కడ మొదలుపెడితే అదే షడ్జం. అమ్మాయ్, నువ్వు రెండు మెట్లు దిగి వాయించు." అక్క తెల్ల మెట్టు వదిలి నల్ల మెట్టుకి దిగింది. కలిసిపోయింది. నిజానికి సంగతి అదే. ఈ క్లారినెట్‌కి కాగితం మీద "సి" అని రాస్తే పలికేది "బి ఫ్లాట్". రకరకాల సైజుల క్లారినెట్లున్నాయి; ఏది పట్టుకున్నా ఒకే గుర్తుకి అవే వేళ్ళు పడేలా రాతని అలా అమర్చారు. మావారు ఇదంతా అర్ధరాత్రిదాకా చదివి పొద్దున్నే మాకందరికీ వివరించబోయారు. ఎవరూ వినలేదు, మామయ్యగారు చెప్పేశారు కదా.

పుస్తకంలో మొదటి పాట లాంటి పాట "హాట్ క్రాస్ బన్స్". అమెరికాలో బ్యాండు నేర్చుకునే పిల్లలు దాదాపు అందరూ దాటే గుమ్మం అది. మూడే స్వరాలు. మామయ్యగారు మొదటిసారి విని, "గ రి స. శంకరాభరణం," అన్నారు. కాసేపాగి, "మిగతావి ఎప్పుడిస్తారు?" అని అడిగారు. మనకి సరళీ వరసల్లో మొదటిరోజే మాయామాళవగౌళ ఏడు స్వరాలూ ఒళ్ళో పోస్తారు. నెలన్నర గడిచాక మూడంటే ఆయనకి పిసినారితనంగా తోచింది. పైగా గమకం లేదు. మనవడి చేత "గ" కొంచెం ఊపించి చూశారు. ఆ ఊపు క్లాసుకి కూడా వెళ్ళింది. టీచరమ్మ నుంచి మెయిల్ వచ్చింది: మీ అబ్బాయి గాలి పట్టు చాలా బాగుంది, స్వరాన్ని తిన్నగా నిలబెట్టడం మీద ఇంట్లో కాస్త దృష్టి పెట్టండి. మెయిల్ మామయ్యగారికి చదివి వినిపించాను. "గాలి పట్టు బాగుందందిగా," అన్నారు. రెండో సగం ఆయన చెవిన పడలేదు.

తెలుగు తండ్రులకి టెక్సస్‌లో బాగా నచ్చే చట్టం ఒకటుంది. 1984 నుంచీ ఉన్నది. డాలస్ వ్యాపారవేత్త రాస్ పెరో అధ్యక్షుడుగా ఉన్న కమిటీ విద్యాసంస్కరణల్లోంచి వచ్చింది. ఏ సబ్జెక్టులోనైనా 70కి తగ్గితే ఆటల పోటీలకైనా బ్యాండు పోటీలకైనా పంపరు. "ముందు చదువు, తరవాతే ఆ పీపీలు" అని మన ఇళ్ళల్లో తరతరాలుగా అంటున్నదాన్ని ఒక రాష్ట్ర శాసనసభ ఓటేసి నెగ్గించిందంటే మావారికి ఒళ్ళు పులకరించింది. ఆ కాగితం ఫ్రిజ్ మీద అంటించారు. మావాడు దాని మీద సాధన నిమిషాల కాగితం అంటించాడు. ఇప్పుడు చట్టం కనపడదు.

మొదటి కచేరీ డిసెంబరు మధ్యలో. మామయ్యగారికి ఇచ్చిన ఆర్నెల్లు నవంబరు చివరికి నిండిపోతాయి. ఇండియా నుంచి ఏ పెద్దవాళ్ళొచ్చినా నాలుగో నెలకల్లా తిరుగు టిక్కెట్టు ముందుకి జరపమని పోరుతుంటారు. మావారు ఆ పోరుకి సిద్ధపడి ఉన్నారు. మామయ్యగారే వచ్చి, "గడువు పెంచమని అడగడానికి ఏదో ఫారం ఉందటగా?" అన్నారు. పక్కవీధి గుంటూరు ఆయన చెప్పారట, వాకింగ్‌లో. ఉంది, ఐ-539. మావారు కంప్యూటర్ ముందు కూర్చుని పేరు, పాస్‌పోర్టు నంబరు అన్నీ నింపి, ఎందుకు ఉండాలనుకుంటున్నారో కారణం రాయాల్సిన చోట ఆగారు. అనారోగ్యమా, టూరిజమా, ఏం రాయమంటారని అడిగారు.

"మనవడు 'గ' దగ్గర ఇంకా తేలిపోతున్నాడని రాయి," అన్నారు మామయ్యగారు. "అది నిలబడగానే వెళ్ళిపోతానని కూడా రాయి."